రెండు దోనెల పడవ మీద నా ఇద్దరు తమ్ముళ్ళు

సముద్రం మీద వారం రోజులు ఉండొచ్చినానని తెలిసినప్పటి నుంచి మా ఆళ్ళగడ్డ వీధిలో ఆడోళ్ళు నన్ను ఊరికే ఉండనీయడం లేదు. ఎట్లుండాది, ఏం తిన్నావు, కళ్ళు తిరగలేదా, చెయ్యికి ఆ కట్టేంది అని. ఒక్కొక్కరికి చెప్పి చెప్పి నోరు నొస్తాంది. అందుకే రాస్తాండా. నాకు అక్షరాలు యాభై దాటినాక రాత్రి బడిలో వచ్చినాయి. పెద్ద మాటలు రావు. చూసింది చెప్తా. బాగుండేదాన్ని బాగుందంటా, లేనిదాన్ని లేదంటా. బాగలేనిదే ఎక్కువ. సముద్రం కథ విని సంతోషపడదామని కూచున్నోళ్ళు ఇప్పుడే లేచి పోవచ్చు.

ఎందుకు పోయినామంటే

నా పుట్టినిల్లు గోస్పాడు పక్క పల్లె. నాకు ఇద్దరు తమ్ముళ్ళు. పెద్దోడు పుల్లయ్య, చిన్నోడు సుబ్బరాయుడు. మా నాయన పోయినాక చేను పంచుకున్నారు. కాలువ దిక్కు పైచేను పుల్లయ్యకు, దాని వెనక కిందిచేను సుబ్బరాయునికి. కిందిచేనికి బండి పోవాలంటే పైచేని అంచున దారి ఉండేది. ఒక ఏడు పుల్లయ్య ఆ దారిని కూడా దున్ని శనగ ఏసినాడు. దారి కాగితంలో లేదని వాని మాట. నాయన బండి తోలిన దారికి కాగితమేందని వీని మాట. ఆ శనగ మొలకెత్తినప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఇండ్లు ఎదురెదురు. ఈ అరుగు మీద దగ్గితే ఆ అరుగు మీద వినపడుతుంది. అయినా ఏదన్నా చెప్పాలంటే నాకు ఫోన్ చేస్తారు. "అక్కా, వానికి చెప్పు, వాని ఎనుము నా గడ్డివామి కాడ ఉండాది" అని ఒకడు. నేను ఆళ్ళగడ్డలో పొయ్యి కాడ నుంచి లేచి ఇంకొకనికి ఫోన్ చేయాల. ఊరికి పోతే ఆ ఇంట్లో రొట్టె తిన్నానంటే ఈ ఇంట్లో కూడా తినాల్సిందే. అదైనా ఫరవాలేదు. కడుపు చెడితే వాము నీళ్ళు తాగుతా.

నా దిగులు వేరే. మాలో ఆడది చస్తే పుట్టింటి చీర రావాల. మొగునింట్లో ఎన్ని చీరలున్నా, కడాకు పుట్టింటోళ్ళు తెచ్చిన చీర కప్పందే పాడె లేయదు. పోయిన ఎండాకాలం మా వీధిలో ఒకామె పోయింది. ఆమెకూ మాట్లాడుకోని అన్నదమ్ములు ఇద్దరు. ఇద్దరూ రెండు చీరలు పట్టుకొచ్చినారు. ఎవరిది ముందు కప్పాలని వాకిట్లో నిలబడి వాదులాట. ఆ మనిషి మజ్జాన్నం ఎండలో పందిలి కింద అట్లనే ఉండాది, కూతుర్లు కొంగుతో ఈగలు తోలుతాండారు. పొద్దు వాలినాక లేపినారు. నేను ఇంటికొచ్చి తలకు పోసుకొని, తడి వెంట్రుకలతోనే నా కొడుకు ఓబులేసుకు చెప్పినా. "రేయ్, నాకు ఒగటే చీర రావాల. మీ మామలిద్దరూ కల్సి అంగడికి పోయి తెచ్చిన ఒగటే చీర. ఇంగేమీ అడగను."

ఓబులేసుకు నంద్యాలలో పాలిష్ రాళ్ళ వ్యాపారం. రాయి కోసే మిషన్లు చూసేకి అప్పుడప్పుడు ఇటలీ దిక్కు పోయొస్తాంటాడు. వాడు, "ఇంట్లో కూచోబెడితే ఒగరొస్తే ఇంగొగరు లేచి పోతారు మా. నీళ్ళ మీద యాడికి పోతారు?" అన్నాడు. అట్ల మొదలైంది. ఇటలీకి ఎదురు ఒడ్డున క్రొయేషియా అని దేశం ఉండాది. మధ్యధరా సముద్రంలో నుంచి ఒక పాయ చీలి పైకి పోతుంది, దాని పక్కన. ఆడ వారానికి పడవ బాడుగకు ఇస్తారు, మనం లారీ మాట్లాడుకున్నట్టు.

తమ్ముళ్ళు ఎట్ల ఒప్పుకున్నారని అందరూ అడుగుతారు. ముందు సుబ్బరాయునికి చెప్పినాము. సాయంత్రానికి పుల్లయ్యకు తెలిసింది. "వాడు విమానం ఎక్కితే నేను ఎద్దులబండి ఎక్కాల్నా?" అన్నాడు. అంతే.

స్ప్లిట్

విమానాల సంగతి రాయను, అందరూ రాస్తారు. దిగిన ఊరి పేరు స్ప్లిట్. ఎప్పటిదో రాజుకోట, దాని లోపలే జనం కాపురాలు. కోట గోడకు ఇంటి గోడ ఆనించి, మధ్యలో తాడు కట్టి గుడ్డలు ఆరేసుకుంటారు. రాజు ఇల్లు కూడా పంపకాలకు వచ్చిందే అనుకున్నా.

ఆడ నేను మళ్ళా గుడ్డిదాన్నైతి. బోర్డుల మీద అన్నీ ఇంగ్లీషు మాదిరి అక్షరాలు. ముసలితనంలో కష్టపడి నేర్చుకున్న అక్షరాలు ఒక్కటీ పనికి రాలేదు. కక్కూసుకు పోవాలంటే ఒక యూరో, అంటే మన నూరు రూపాయలకు అటో ఇటో. కాఫీ చారెడు, రేటు సోలెడు. అయినా ఒక్క కప్పు ముందర పెట్టుకొని పొద్దుగాల్నుంచి కూచుంటారు, లేయమనేవాడు లేడు. అది నాకు నచ్చింది.

పడవ చూసి నేను నిలబడిపోయినా. అది ఒక పడవ కాదు. రెండు పొడుగాటి దోనెలు పక్కపక్కన పెట్టి, వాటి మీద అడ్డంగా ఒక ఇల్లు కట్టినట్టుండాది. ఒక్కో దోనెలోకి దిగేకి దాని మెట్లు దానికే. దోనెకు రెండు గదులు, ఒక స్నానాల గది, ఒక ఇంజను. మధ్యలో పైన హాలు, వంటిల్లు. తెరచాప పడవైతే అగ్గువే గానీ గాలికి ఒక పక్కకు వొంగుతుందంట. నాకు కళ్ళు తిరుగుతాయని ఓబులేసు ఇంజన్ల పడవ మాట్లాడినాడు.

పుల్లయ్య పడవంతా ఒకసారి చూసి ఎడమ దోనెలోకి సంచి దించుకున్నాడు. సుబ్బరాయుడు కుడి దోనెలోకి దిగినాడు. పడవ రేవు కట్ట ఇడవకముందే పంపకాలైపోయినాయి. నా కొడుకు నా దిక్కు చూసినాడు. వాని మొగం చూస్తే పాపమనిపించింది. నేను యాడ పండుకోవాల? ఎడమ దోనెలో పండుకుంటే కుడోనికి కోపం. వారమంతా హాల్లో బల్ల మీదనే పండుకున్నా.

పడవ నడిపే ఆయప్ప పేరు యూరే, ఓబులేసుతో ఇంగ్లీషులో మాట్లాడుతాడు. ఎండకు కమిలిన మనిషి, నోట్లో ఎప్పుడూ సిగరెట్టు, సగం తాగి ఆర్పి చెవి మీద పెట్టుకుంటాడు. మా పుల్లయ్య మొదటి రోజే ఆయప్పకు యూరియా అని పేరు పెట్టినాడు. సుబ్బరాయుడు కూడా యూరియా అనే పిలిచినాడు. ఇద్దరూ కలిసి చేసిన పని అదొక్కటే.

బ్రాచ్

మొదట ఆగింది బ్రాచ్ దీవిలో. ఊరంతా తెల్లరాయి. ఇండ్లు, వీధులు, పడవలు కట్టే కట్ట, అన్నీ. మా ఆళ్ళగడ్డలో శిల్పం చెక్కేటోళ్ళ ఉలి చప్పుడు నాకు కొత్తగాదు. మనది నల్లరాయి, దేవుళ్ళు. వీళ్ళది తెల్లరాయి, కిటికీలు, దాని తర్వాత గోరీలు. ఓబులేసు ప్రతి గోడనూ గోటితో గీరి చూసినాడు. రాళ్ళోనికి ఏ దేశం పోయినా రాళ్ళే.

పొద్దుగాల నేను ఉగ్గాని చేసినా. బొరుగులు, పప్పుల పొడి ఇంటి నుంచి తీసుకుపోయినా. సముద్రం మధ్యలో ఉగ్గాని తింటాంటే యూరే వచ్చి గిన్నెలో చెయ్యి పెట్టినాడు, పచ్చిమిరపకాయ కొరికి రెండు సీసాల నీళ్ళు తాగినాడు. తమ్ముళ్ళు మాత్రం వేర్వేరుగా తిన్నారు. పుల్లయ్య మెట్లెక్కి వచ్చి తిని దిగిపోయినాక, తట్ట కడిగిన చప్పుడు విని సుబ్బరాయుడు వచ్చేవాడు. ఒకే పొయ్యి, ఒకే గిన్నె, రెండు పంక్తులు. ఇంటి కాడ రెండిండ్లలో తినేదాన్ని, ఈడ ఒకే ఇంట్లో రెండుసార్లు వడ్డించినా.

ఆడ హోటల్లో చేప తూకానికి ఇస్తారు. పచ్చి చేపను పళ్ళెంలో పెట్టి తెచ్చి మనకు చూపించి, పెండ్లిచూపులు అయినాక కాలుస్తారు. ఉప్పు, నూనె తప్ప ఏమీ ఉండదు. పుల్లయ్య ఒక ముక్క నోట్లో పెట్టుకొని, "అక్కా, ఇది రోగమొచ్చినోని కూడు" అన్నాడు. దూరంగా ఇంకో బల్ల కాడ సుబ్బరాయుడు నవ్వాపుకున్నాడు. నేను చూసినా. వాడు నేను చూసినానని చూసి తల దించుకున్నాడు.

హ్వార్

హ్వార్ దీవిలో చేలు చూడాలని నేనే అడిగినా. ఓబులేసు కారు మాట్లాడినాడు. మాది నల్లరేగడి, వీళ్ళది ఎర్రమన్ను. పిడికెడు మన్నుకు గంపెడు రాళ్ళు. ఆ రాళ్ళు ఏరి ఏరి గట్లు కట్టినారు, సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి. కంటికి ఆనినంత దూరం చదరాలు చదరాలు. కారు తోలే ఆయప్ప చెప్పినాడు, రెండు వేల ఏండ్లకు పైన ఎవరో వచ్చి కొలిచి పంచిన చేలంట ఇవి. ఆ కొలతలే ఇప్పటికీ.

పుల్లయ్య గట్టు మీద చెయ్యి పెట్టి నిలబడినాడు. "ఇన్నేండ్లు ఒగడూ గట్టు జరుపుకోలేదంటే నమ్మేదెట్లా" అన్నాడు.

నాలుగడుగుల అవతల నుంచి సుబ్బరాయుడు, "అక్కా, ఆయప్పను అడుగు, చేనికి చేనికి నడమ బండి దారి ఇడిసినారా లేదా అని."

అడిగేది ఏముంది, ఎదురుగానే కనపడుతాంది. "ఇడిసినారు" అన్నా. పుల్లయ్య పోయి కారులో కూచున్నాడు.

నాకు ఆ చేలు చూస్తే ఏడుపొచ్చింది, నా తమ్ముళ్ళ పంతానికి కాదు. సగం చేలలో ముండ్లకంప. ద్రాక్షతీగలు ఎండి కట్టెలైనాయి. గట్టు ఉండాది, దారి ఉండాది, చేనుగలోడు లేడు. పట్నాలకు, వేరే దేశాలకు పోయినారంట. కొట్లాడేకి కూడా ఎవరూ మిగల్లేదు.

రేవు కాడ ఒక ముసలామె వాసన పూలను చిన్న చిన్న గుడ్డసంచుల్లో కుట్టి అమ్ముతాంది. పేరు కాత. తల నుంచి కాలి దాకా నల్లబట్టలు. మొగుడు పోయినోళ్ళు ఆడ నల్లవి కడతారు, ఈ కాలంలో ముసలోళ్ళు మాత్రమేనంట. ఓబులేసు ఫోన్‌లో మాట పెడితే అది వాళ్ళ భాషలో చెప్తుంది. నేను పక్కన కూచున్నా. నా చేతులు తిప్పి చూసింది, కాయలు చూసి తలూపింది. తర్వాత రెండు బెంచీల మీద వేర్వేరుగా కూచున్న నా తమ్ముళ్ళను చూపించి, "వాళ్ళెవరు?" అంది.

"తమ్ముళ్ళు."

"మాట్లాడుకోరా?"

"లేదు."

ఆమె పండ్లు లేని నోరు తెరిచి నవ్వింది. వాళ్ళ అన్నలు కూడా ఒకే ఇంటికి బయట నుంచి రెండు మెట్లు కట్టించుకున్నారంట, ఎదురుపడకుండా. ఇద్దరూ పోయినారు. మెట్లు ఉన్నాయి.

నేను అడగాల్సింది అడిగినా. "నువ్వు పోతే నీకు గుడ్డ ఎవరు తెస్తారు?"

ఫోన్ ఆ మాట చెప్పేసరికి ఓబులేసు మొగం అటు తిప్పుకున్నాడు. కాత ఏమీ అనుకోలేదు. "బీరువాలో పెట్టుకున్నా. గౌను, మేజోళ్ళు, చెప్పులు కూడా. తాళం యాడుందో పక్కింటామెకు చెప్పినా" అంది.

"మాలో మనమే కొనిపెట్టుకోకూడదు. పుట్టింటోళ్ళు తేవాల."

"తేకపోతే?"

ఒక సంచి కొన్నా, మూడు యూరోలు. ఇప్పుడు నా ట్రంకుపెట్టెలో ఉండాది, వాసన ఇంకా పోలేదు.

విస్

విస్ దీవి కాడ గాలి పట్టుకుంది. దక్షిణం నుంచి వచ్చే గాలి, దాన్ని వాళ్ళు జూగో అంటారు. మన తుపాను మాదిరి అరుపు ఉండదు. వెచ్చగా, తేమగా, మోడం కిందికి దించుకొని, రోజంతా ఒకే ఏడుపు. సముద్రం బూడిద కలిపిన నీళ్ళైంది. అంతవరకూ పచ్చగా నీలంగా మెరిసిన నీళ్ళు ఇవేనా అనిపించింది. కదలొద్దన్నాడు యూరే. ఒక మూలన లంగరేసి రోజంతా ఊగుతా కూచున్నాము. ఆ పొద్దు నేను ఏమీ తినలేదు.

యూరే చెప్పినాడు, ఈ గాలి తోలితే మనుషులకు బుద్ధి చెడుతుందంట, ఊరికే కోపం, ఊరికే దిగులు. పూర్వం ఈ గాలి ఉన్నన్నాళ్ళు పెద్దమనుషులు పంచాయితీ తీర్పు కూడా చెప్పేవాళ్ళు కాదని వాళ్ళ దిక్కు చెప్పుకుంటారు.

"అట్లయితే మా ఊర్లో ఆ శనగ ఏసిన ఏటి నుంచి ఇదే గాలి" అన్నా నేను.

ఓబులేసు నవ్వినాడు. నవ్వాల్సిన ఇద్దరూ నవ్వలేదు. వాన పడుతాంటే ఇద్దరూ హాల్లోనే ఉండాల్సి వచ్చింది, కిందికి దిగితే గదుల్లో ఊపు ఎక్కువ. ఒకడు ఈ కిటికీ కాడ, ఒకడు ఆ కిటికీ కాడ, నడుమ నేను. ఇదే సమయమనుకున్నా.

"రేయ్, ఇద్దరూ వినండి. నేను ఎక్కువ కాలం ఉండను. ఉన్నా ఉండకపోయినా, పోయిన పొద్దు నా మీదికి రెండు చీరలు రాకూడదు. ఇంటికి పోయినాక ఇద్దరూ కల్సి నంద్యాలకు పోయి, ఒగ అంగట్లో, ఒగ చీర తెండి. నా కండ్లతో చూస్తా."

పుల్లయ్య లేచి పోదామని తలుపు దిక్కు చూసినాడు. తలుపు అవతల నీళ్ళు. "బతికుండంగ సావుచీర ఏంది అక్కా? దరిద్రపు మాటలు."

"సచ్చినాక చెప్పేకి నోరుండదు గదరా."

"పెద్దోన్ని నేనుండాను. నేను తెస్తా. వాన్నేం అడిగేది?"

సుబ్బరాయుడు కిటికీ నుంచి మొగం తిప్పకుండా, "అక్కా, వానికి చెప్పు. నాయన దారిని దున్నినోని చీర నీ మీద పడనీయను. నేను తెచ్చేది తెస్తా."

"ఎదురుగానే ఉండాడు గదరా. నువ్వే చెప్పు."

వాడు కిటికీ అద్దం మీద ఆవిరి తుడిచినాడు. పడవ ఊగుతాంది, గాజు గ్లాసులు అరలో ఒకదానికొకటి తగులుకుంటాండాయి. ఓబులేసు లేచి పోయి వానలో నిలబడినాడు. నా కొడుకు కష్టపడి సంపాదించిన దుడ్లు ఆ నీళ్ళలో కలిసిపోయినట్టు కనపడింది నాకు.

కట్ట కాడ

గాలి తగ్గిందని బయల్దేరినాము. సాయంత్రానికి ఒక చిన్న రేవు చేరేసరికి మళ్ళా ఎత్తుకుంది. ఆ దేశంలో పడవను మనం ట్రాక్టరు ట్రాలీని దొడ్లోకి తోలినట్టు వెనక్కి తోలి కట్టకు ఆనిస్తారు. వెనక రెండు మూలల నుంచి రెండు మోకులు కట్ట మీద గుంజలకు ఏసి, పడవ మీద ఇనప కొమ్ములకు చుట్టాల. ఓబులేసు కట్ట మీదికి దూకి గుంజలకు తాడు తగిలించేవాడు. పడవ మీద ఎడమ మోకు పుల్లయ్య పట్టుకుంటాడు, కుడి మోకు సుబ్బరాయుడు. మొదటి రోజు నుంచి వాళ్ళే పట్టుకున్నారు. ఎడ్ల పగ్గాలు పట్టిన చేతులు, మోకు జారదు. అంతకుముందు ప్రతి రేవులోనూ బాగానే కట్టినారు, గాలి లేదు గాబట్టి ఒకరితో ఒకరికి పని పడలేదు.

ఆ రోజు గాలి పడవను కుడి దిక్కుకు తోస్తాంది. కుడి పక్కన ఇంకొకరి పడవ. యూరే పైన చక్రం కాడ నుంచి అరుస్తాండాడు, కట్ట మీద ఓబులేసు తెలుగులో అరుస్తాండాడు, ఇంజన్ల చప్పుడుకు సగమే వినపడుతాంది. ఎడమ మోకు గుంజాల, అది గుంజాలంటే కుడి మోకు వదలాల. అంతే పని. చిన్నపిల్లోళ్ళు చేస్తారు.

పుల్లయ్య గుంజుతాండాడు, పడవ రాలేదు. "అక్కా, వాన్ని వదలమను!"

నేను మధ్యలో కూచున్న దాన్ని లేచి ఆ మూలకు పోయినా. "సుబ్బా, వదలమంటాండాడు."

"ముందు వాన్ది బిగించుకోమను. నేను వదిల్తే పక్క పడవకు తగుల్తుంది."

మళ్ళా ఈ మూలకు వచ్చినా. "ముందు నువ్వు బిగించుకోవాలంట."

"వాడు వదలందే యాడ బిగిస్తా? చెప్పక్కా వానికి!"

వాళ్ళిద్దరి నడుమ దూరం మా ఇంటి వాకిలంత. ఒకరి మొగం ఒకరికి తెలుస్తాంది. అయినా మాట నా మీదుగా పోవాల్సిందే. నేను తడి చెక్క మీద మళ్ళా అటు తిరిగినా. అప్పుడు పడవ వెనక భాగం కట్టకు కొట్టుకుంది. నా కాలు జారింది. ఎడమ చెయ్యి కింద పడి, దాని మీద నేను పడినా. లోపల ఎండుపుల్ల విరిగిన చప్పుడైంది. నాకే వినపడింది.

పుల్లయ్య గొంతు వినపడింది. "రేయ్ సుబ్బా! వదల్రా మోకు!"

నా పేరు లేదు. నడమ అక్కా లేదు. తిన్నగా పోయింది మాట. సుబ్బరాయుడు వదిలేసినాడు. పుల్లయ్య గుంజినాడు. పడవ కట్టకు ఆనుకొని నిలబడింది.

నేను చెక్క మీద పడుకొని, నొప్పి కంటే ముందు అదే విన్నా. ఇన్నేండ్లకు ఒక్క మాట. దాని ఖరీదు ఒక ఎముక. ఇంకో మాట వస్తుందేమోనని కండ్లు మూసుకొని ఎదురుచూసినా. "అక్కా, లేయి" అన్నాడు పుల్లయ్య. "అక్కా, నొస్తాందా" అన్నాడు సుబ్బరాయుడు. ఇద్దరూ నాతోనే.

ఆసుపత్రి

పొద్దున మళ్ళా స్ప్లిట్‌కు తెచ్చినారు. కట్టకు కొట్టుకున్న కాడ పడవకు పగులు పడింది, బాడుగ ఇచ్చినోళ్ళు ముందు కట్టించుకున్న పైకం పట్టుకున్నారు. యూరే వాళ్ళతో వాదించినాడంట, పని కాలేదు. పోయేటప్పుడు చెవి మీద సిగరెట్టు తీసి చేతిలో పట్టుకొని, వాళ్ళ భాషలో నాకు ఏదో చెప్పినాడు. ఏం చెప్పినాడో ఓబులేసుకు కూడా తెలియలేదు.

ఆసుపత్రి శుభ్రంగా ఉండాది. డాక్టరమ్మ చిన్నపిల్ల. ఎముక కూర్చేటప్పుడు నేను అరిస్తే ఆమె కూడా మొగం ముడుచుకుంది. తర్వాత ఎందుకు పడినారని ఓబులేసును అడిగింది. వాడు, తడి అన్నాడు. నేనైతే నిజం చెప్పేదాన్ని.

కట్టు కట్టుతాంటే తలుపు సందులో నుంచి వరండా కనపడింది. గోడకు మూడు కుర్చీలు. ఒక కొసన పుల్లయ్య, ఇంకో కొసన సుబ్బరాయుడు. నడిమి కుర్చీ ఖాళీ. అది నాది. నేను ఇంకా వచ్చి కూచోకముందే నా కోసం ఇడిసిపెట్టినారు. ఇద్దరూ ఎదురు గోడ చూస్తాండారు. పుల్లయ్య కండ్లలో నీళ్ళుండాయి. సుబ్బరాయుడు జేబులో నుంచి చేతిగుడ్డ తీసి, కొంచెంసేపు పట్టుకొని, నడిమి కుర్చీ మీద పెట్టినాడు. పుల్లయ్య దాన్ని చూసినాడు. తీసుకోలేదు. నేను బయటికి వచ్చినప్పుడు అది అట్లనే ఉండాది. తీసి నా సంచిలో ఏసుకున్నా.

ఆళ్ళగడ్డ

ఇల్లు చేరినాక పది దినాలు కాకముందే గోస్పాడు నుంచి వచ్చే ఆటోలో ఒక పొట్లం వచ్చింది. పుల్లయ్య పంపినాడు. బూడిద రంగు నేత చీర, మంచిదే. రెండు రోజులకు ఇంకో పొట్లం. సుబ్బరాయుడు. నీలం రంగు, అంచు సన్నం. ఇద్దరూ ఫోన్ చేసినారు. పుల్లయ్య, "అక్కా, వాడేమన్నా పంపినాడా?" సుబ్బరాయుడు, "అక్కా, వాన్ది ఏ రంగు?"

నేను రెండు చీరలూ మంచం మీద పరిచి ఒక పూటంతా చూసినా. ఓబులేసు వచ్చి చూసి, "ఇంగ ఇడ్సు మా" అన్నాడు. నేను ఇడవలేదు. ఒంటి చేత్తో రెండిటినీ సంచిలో కుక్కుకొని టైలరు మస్తాన్ అంగటికి పోయినా. మస్తాను మా వీధి చివర మిషన్ పెట్టుకొని నా రవికెలన్నీ కుట్టినోడు.

"మస్తానూ, ఈ రెండిట్నీ సగానికి సింపు. దీంట్లో సగం, దాంట్లో సగం కలిపి ఒగ చీర కుట్టు."

"కొత్తవి గదా పెద్దమ్మా. ఎందుకు సింపేది?"

చెప్పినా. ఎవరు తెచ్చినారు, ఎప్పుడు కప్పేకి అని. కత్తెర బల్ల మీద పెట్టేసినాడు. నీళ్ళు తాగినాడు. నేను కూచొనే ఉంటే చేసేది లేక మళ్ళా తీసుకున్నాడు. చీర సింపే చప్పుడు అంగడంతా వినపడింది. రెండు చీరలు నాలుగు ముక్కలైనాయి. రెండు ముక్కలకు కొంగు ఉండాది, రెండిటికి లేదు.

అప్పుడు ఆగి అడిగినాడు. "కొంగు ఎవుర్ది పెట్టాల పెద్దమ్మా? పెద్దాయప్పదా, చిన్నాయప్పదా?"

"ఎవుర్దీ వద్దు. కొంగు లేని ముక్కలు రెండూ తీసుకొని అతుకు."

"అట్లయితే తల దిక్కు ఏదో, కాళ్ళ దిక్కు ఏదో ఎట్ల తెలుస్తుంది? ఆ పొద్దు కప్పేటోళ్ళు ఎవుర్ని అడగాల?"

"ఒగర్నొగరు అడుక్కోనీ" అన్నా. "ఫోన్ చేసేకి నేను ఉండను గదా."